అప్‌డేట్: కార్డు లేకుండా లాబీలోకి ఎలా వస్తున్నారో తెలిసింది

గత నెల అడిగాను కదా, కార్డు రీడర్ ఉన్నా మా అపార్ట్‌మెంట్‌లోకి తెలియనివాళ్లు ఎలా వస్తున్నారని. మీలో ఒకరు అనుమానించినట్టే, మావి 125 కిలోహెర్ట్జ్ పాత కార్డులు. ఎన్‌క్రిప్షన్ ఏమీ ఉండదు, ఎప్పుడూ ఒకటే నంబరు పంపుతాయి. డూప్లికేట్ తాళాలు చేసే షాపులో నిమిషంలో కాపీ చేసిచ్చారు! పైగా ఏడాది కిందట ఖాళీ చేసిన అద్దెవాళ్ల కార్డు కూడా ఇంకా పనిచేస్తోంది. లిస్టులోంచి ఎవరూ తీసేయలేదు.

ఇప్పుడు 13.56 మెగాహెర్ట్జ్ డెస్‌ఫైర్ కార్డులు తెప్పించాం. వీటిలో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, అంత తేలిగ్గా కాపీ కావు. పాత రీడర్లు వీటిని చదవవు కాబట్టి అవీ మార్చాల్సి వచ్చింది. ఖర్చు దగ్గర మీటింగులో జరిగిన గొడవ వేరే కథ.

కరెంటు పోతే తలుపు తెరుచుకోవడం లోపం కాదట. మాగ్నెటిక్ లాక్‌కి కరెంటు ఉంటేనే పట్టు. బ్యాటరీ బ్యాకప్ పెట్టించాం. ఫైర్ అలారం మోగితే మాత్రం లాక్ వదిలేస్తుంది, జనం లోపల ఇరుక్కోకూడదుగా.

ఒక్కటి మాత్రం తీరలేదు. పాలప్యాకెట్ల వేళకి వాచ్‌మన్ తలుపుకి ఇటుక అడ్డం పెడుతున్నాడు. తలుపు 40 సెకన్లు తెరిచి ఉంటే మోగే బజర్ బిగించాం. నిన్న చూస్తే దాని మీద టేపు అంటించి ఉంది.