క్లయింట్ల కాగితాలు వాట్సాప్‌లోనే ఉండనివ్వాలా, సిగ్నల్‌కి మారాలా?

బెజవాడ_ట్యాక్స్:
విజయవాడలో ట్యాక్స్ కన్సల్టెన్సీ, ఆఫీసులో ఆరుగురం. ఆధార్, పాన్, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కొనుగోలు బిల్లులు అన్నీ క్లయింట్లు వాట్సాప్‌లోనే పంపుతారు. స్టాఫ్ సొంత ఫోన్లలో చూస్తారు, ఆఫీసు సిస్టంలో వాట్సాప్ వెబ్ రోజంతా తెరిచే ఉంటుంది. ప్రైవసీ కోసం సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌కి మారదామని ఒకరు, పెద్ద ఫైళ్లు కూడా వెళ్తాయి కాబట్టి టెలిగ్రామ్ అని ఇంకొకరు అంటున్నారు. క్లయింట్లలో సగం మంది కిరాణా, ఫ్యాన్సీ షాపుల వాళ్లు. అసలు తేడా ఎక్కడుంది? మారితే ఏం పోతుంది?

తాళంచెవి:
ముందు టెలిగ్రామ్ సంగతి తేల్చేద్దామండీ. అందులో మామూలు చాట్లకీ గ్రూపులకీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో కంపెనీ కూడా చదవలేని తాళం) లేదు. మెసేజ్‌లు కంపెనీ సర్వర్లలో ఉంటాయి, వాటిని తెరిచే కీలూ కంపెనీ చేతిలోనే ఉంటాయి. సీక్రెట్ చాట్ అని విడిగా తెరిస్తేనే ఆ రక్షణ. అదీ ఇద్దరి మధ్యే, గ్రూపులకు లేదు, విండోస్ యాప్‌లో రాదు. ఆరుగురు కలిసి పనిచేసే చోట పనికిరాదు. ఆధార్ కాపీలు అందులో పెట్టకండి.

వాట్సాప్, సిగ్నల్ రెండూ ఒకే ఎన్‌క్రిప్షన్ పద్ధతి (ప్రోటోకాల్) మీద నడుస్తాయి. వాట్సాప్‌లో అది 2016 నుంచీ అందరికీ ఉంది. కాబట్టి మెసేజ్‌ను దారిలో పట్టుకుని చదవడం రెండింట్లోనూ కుదరదు. తేడా మొదలయ్యేది మెసేజ్ ఫోన్‌కి చేరాకే. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్‌కి వచ్చిన ఆధార్ ఫొటో నేరుగా గ్యాలరీలోకి వెళ్తుంది. గూగుల్ ఫొటోస్‌లో ఆ ఫోల్డర్‌కి బ్యాకప్ ఆన్‌లో ఉంటే అక్కణ్ణుంచి మీ స్టాఫ్ సొంత జీమెయిల్ ఖాతాలోకి పోతుంది. ఆ అబ్బాయి ఉద్యోగం మానేసినా అది అక్కడే ఉంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో మీడియా విజిబిలిటీ ఆపేస్తే గ్యాలరీలో కనబడదు, అంతే. ఫైల్ మేనేజర్‌లో వాట్సాప్ ఫోల్డర్ తెరిస్తే మామూలు ఫొటోలాగే దొరుకుతుంది. అన్ని ఫైళ్లూ చూసే పర్మిషన్ తీసుకున్న ఏ యాప్ అయినా దాన్ని చదవగలదు. సిగ్నల్‌లో ఫొటో యాప్ లోపలే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, మీరు సేవ్ నొక్కితే తప్ప బయటికి రాదు. మీ ఆఫీసుకి అసలు లాభం ఇదే.

ఇక ఎవరు ఎవరితో మాట్లాడారన్న వివరాలు. 2016లో అమెరికాలో కోర్టు సబ్‌పీనా (వివరాలు ఇవ్వమనే ఆదేశం) వస్తే సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ. వాట్సాప్ దగ్గర అంతకంటే చాలానే ఉంటుంది. విలేకరులకి ఇది ప్రాణం లాంటిది, ట్యాక్స్ ఆఫీసుకి అంత ముఖ్యం కాదు.

ఓరుగల్లు_సిస్టమ్స్:
పైన చెప్పింది సరైనదే, కానీ సిగ్నల్ వల్ల పోయేవీ చెప్పాలి. బ్యాకప్ లేకుండా ఫోన్ పోయిందంటే చాట్ మొత్తం పోయినట్టే. 2025 సెప్టెంబర్‌లో వాళ్లు సెక్యూర్ బ్యాకప్స్ తెచ్చారు. ఉచితంగా మెసేజ్‌లు 100 ఎంబీ వరకు, ఫొటోలూ ఫైళ్లూ చివరి 45 రోజులవి మాత్రమే. 64 అక్షరాల రికవరీ కీ ఇస్తుంది. అది పోతే సిగ్నల్ వాళ్లు కూడా తెరవలేరు, కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఆ ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకుంటే లాభం లేదు.

షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఇంకో తలనొప్పి: బ్యాటరీ ఆదా పేరుతో సిస్టమ్ సిగ్నల్‌ని నిద్రపుచ్చేస్తుంది, మెసేజ్‌లు యాప్ తెరిచినప్పుడే గుంపుగా వచ్చి పడతాయి. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని 'నో రిస్ట్రిక్షన్స్' చేసి, ఆటోస్టార్ట్ ఆన్ చేయండి. "సిగ్నల్ పనిచేయడం లేదు" అని జనం మానేసేది చాలామట్టుకు ఇక్కడే.

డిసప్పియరింగ్ మెసేజ్‌లు (పెట్టిన గడువు అయ్యాక వాటంతటవే చెరిగిపోయేవి) కూడా చూసుకుని వాడండి. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కలూ రికార్డులూ వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. బిల్లు సిస్టంలోకి ఎక్కించకముందే టైమర్ దాన్ని తుడిచేసిందనుకోండి, నోటీసు వచ్చిన రోజున చూపించడానికి ఏమీ ఉండదు.

బెజవాడ_ట్యాక్స్:
ఇద్దరికీ ధన్యవాదాలు. క్లయింట్లు మాత్రం మారరండీ, అది ఖాయం. అప్పుడెలా?

తాళంచెవి:
మార్చొద్దు. క్లయింట్లు వాట్సాప్‌లోనే పంపనివ్వండి, ఆఫీసు లోపలి మాటలు మాత్రం సిగ్నల్ గ్రూపులో పెట్టుకోండి. వాట్సాప్‌ని ఆఫీసు పేరున ఒకే నంబర్ మీద, ఒకే ఫోన్‌లో ఉంచండి, స్టాఫ్ సొంత ఫోన్లకి ఏదీ ఫార్వర్డ్ చేయొద్దు. ఆ ఫోన్‌లో మీడియా ఆటో-డౌన్‌లోడ్, గ్యాలరీలో చూపించే మీడియా విజిబిలిటీ, గూగుల్ ఫొటోస్ బ్యాకప్ మూడూ ఆపేయండి. టూ-స్టెప్ పిన్ (మీ నంబర్‌తో వేరే ఫోన్‌లో వాట్సాప్ తెరవబోతే అడిగేది) పెట్టండి. చాట్ బ్యాకప్‌లో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ అనే ఆప్షన్ ఆన్ చేయండి. 2021 నుంచీ ఉంది గానీ మనంతట మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. అది లేకపోతే గూగుల్ డ్రైవ్‌లో పడిన బ్యాకప్‌కి ఆ రక్షణ ఉండదు. లింక్డ్ డివైసెస్ (ఖాతా ఏయే సిస్టంలలో తెరిచి ఉందో చూపే జాబితా) వారానికోసారి తెరిచి, తెలియని సిస్టం కనిపిస్తే వెంటనే లాగౌట్ చేయండి.

ఆధార్ అడిగేటప్పుడు, పూర్తి నంబర్ అక్కర్లేని పనికి, చివరి 4 అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పంపమనండి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉందిగా అని ధీమా వద్దు. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. అదే చాట్‌లో పాన్ కార్డు ఉంటే ఆ రెండూ దాని మీదే ఉంటాయి.

ఓరుగల్లు_సిస్టమ్స్:
ఒకటి కలుపుతాను. సిగ్నల్ ఖాతా తెరవాలంటే ఇప్పటికీ ఫోన్ నంబర్ కావాలి. రీచార్జ్ చేయక సిమ్ ఆగిపోతే 90 రోజుల తర్వాత ఆ నంబర్ వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. రిజిస్ట్రేషన్ లాక్ (మీ నంబర్‌తో వేరేవాళ్లు సిగ్నల్ తెరవకుండా ఆపే పిన్) పెట్టినా, ఖాతా 7 రోజులు వాడకుండా ఉంటే అది సడలిపోతుంది. ఆఫీసు సిమ్‌ని బతికించుకోండి. అలాగే గ్రూపులో చేరడానికని, వెరిఫికేషన్‌కని ఎవరైనా క్యూఆర్ కోడ్ పంపితే స్కాన్ చేయొద్దని స్టాఫ్‌కి గట్టిగా చెప్పండి. అది గ్రూపు కోడ్ కాకుండా డివైస్ లింక్ చేసే కోడ్ అయితే, అప్పట్నుంచి మీ మెసేజ్‌లన్నీ వాడి సిస్టంలో కూడా కనిపిస్తాయి. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా దీన్ని ఆపలేదు.

బెజవాడ_ట్యాక్స్:
సిగ్నల్‌లో "సేఫ్టీ నంబర్ మారింది" అని వస్తే భయపడాలా?

తాళంచెవి:
సేఫ్టీ నంబర్ అంటే మీ ఇద్దరి చాట్ తాళాన్ని సరిచూసుకునే 60 అంకెలు. అవతలివాళ్లు ఫోన్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసినా ఆ మెసేజ్ వస్తుంది. మామూలు కాల్ చేసి గొంతు విని, ఆ 60 అంకెలు ఇద్దరికీ కలిశాయో లేదో చూసుకోండి. అప్పటిదాకా బ్యాంక్ వివరాలు, ఓటీపీలు పంపకండి.