తిమింగలాలను చూపించే బోటు టూర్లు: నియమాలు పాటిస్తే చాలా, ఒడ్డు నుంచే చూడాలా?

నీటిచుక్క:
తిమింగలాలను చంపడం కంటే చూసి ఆనందించడం ఎంతో మేలు, అందులో అనుమానం లేదు. కానీ "పర్యావరణహితం" అని రాసుకున్న ఒక బోటు ఎక్కి వచ్చాక నా మనసు కుదుటపడలేదు. ఒక తల్లి, దాన్ని అంటిపెట్టుకుని పిల్ల. అవి పైకి తేలి ఊపిరి వదలగానే నాలుగు బోట్లు ఒకేసారి అటు తిరిగాయి. మునిగితే ఇంజిన్ తగ్గించడం, తేలితే మళ్లీ పరుగు. మూడోసారి తేలినప్పుడు తల్లి పిల్లకూ మాకూ మధ్యలోకి వచ్చి ఈదింది. బోటులో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాకే ఆ తల్లి ఎందుకలా చేసిందా అని ఆలోచన మొదలైంది. ఈ టూర్లను బాధ్యతగా నడపడం అసలు సాధ్యమేనా?

గాలివాటు:
సాధ్యమేనండీ. మీకు దొరికింది చెడ్డ బోటు, అంతే. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో 1980ల దాకా తిమింగలాల వేట సాగింది. కొండ మీద మంచెల్లాంటి గదుల్లో కూర్చుని, నీటి చిమ్ము ఎక్కడ లేస్తోందో చూసి వేటగాళ్లకు కబురు పంపేవారు. ఇప్పుడు అలాంటి గదుల నుంచే బైనాక్యులర్లతో చూసి, టూరు బోట్లకు రేడియోలో దారి చెబుతున్నారు. న్యూజిలాండ్‌లోని కైకౌరాలో అక్కడి ఆదివాసులైన మావోరీలు 1987లో మొదలుపెట్టిన టూరు ఆ ఊరికే బతుకుతెరువు అయింది. తిమింగలం బతికుంటేనే తమ పొయ్యి వెలుగుతుందని తెలిసినవాళ్లు దాన్ని కాపాడుకుంటారు. టూర్లు మాన్పిస్తే ఆ కాపలా కూడా పోతుంది.

ఉప్పుగాలి:
బతుకుతెరువు మాట నిజమే గాలివాటు గారూ. కానీ తప్పంతా ఒక చెడ్డ బోటు మీదికి తోసేస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. తిమింగలాలకు మనం కనిపించడం కంటే వినిపించడమే పెద్ద బాధ. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. కిల్లర్ వేల్స్ అని పిలిచే ఓర్కాలు టిక్ టిక్ మని శబ్దం వదిలి, అది చేపకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుని వేటాడతాయి. ప్రొపెల్లర్ హోరులో ఆ ప్రతిధ్వని కలిసిపోతే ఎదురుగా ఉన్న చేప కూడా దొరకదు.

అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో తిరిగే సదరన్ రెసిడెంట్ అనే గుంపు ఓర్కాలు 80 కూడా లేవు. వాటి ముఖ్యమైన తిండి చినూక్ సాల్మన్ అనే చేప, అదీ తగ్గిపోయింది. అక్కడ 2011లో బోట్లు 200 గజాల దూరంలో ఉండాలన్నారు. 2025 జనవరి నుంచి రాష్ట్ర చట్టం దాన్ని 1,000 గజాలు చేసింది. అంటే అంతకుముందు 200 గజాలు పాటించిన బోటు కూడా నియమం ప్రకారం మంచి బోటే కదా! అది చాలలేదు కాబట్టే పెంచారు.

ఇక బోట్ల సంఖ్య. మీరు చెప్పిన న్యూజిలాండ్‌లోనే తిమింగలానికి 300 మీటర్ల లోపు మూడు బోట్లకు మించి ఉండకూడదు. నీటిచుక్క గారు చూసినవి నాలుగు. ఒక్కో కెప్టెన్ తన దూరం తాను పాటించినా, నలుగురు కలిస్తే అది చుట్టుముట్టడమే. అందుకే "తప్పకుండా చూపిస్తాం" అనే టూరు నేను ఎక్కను. ఆ మాట నిలబెట్టుకోవడానికి కెప్టెన్ వెంటపడక తప్పదు.

గాలివాటు:
కైకౌరాలో తిమింగలం కనిపించకపోతే టికెట్టు డబ్బులో చాలావరకు వెనక్కి ఇస్తారు. హామీ అంటే వెంటపడటమేనని ఎందుకు అనుకోవాలి? బోట్ల సంఖ్య మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. లైసెన్సులు లెక్కపెట్టి ఇవ్వాల్సిందే.

ఉప్పుగాలి:
డబ్బు వెనక్కి ఇవ్వాలంటే టెన్షన్ ఇంకా పెరుగుతుందేమోనని నా భయం. లైసెన్సుల విషయంలో మీ మాటే నా మాట.

నీటిచుక్క:
ఇద్దరికీ థాంక్స్. దక్షిణాఫ్రికాలోని హెర్మానస్‌లో సదరన్ రైట్ తిమింగలాలు ఒడ్డుకు ఎంత దగ్గరగా వస్తాయంటే, కొండ అంచున నడుస్తూనే చూడొచ్చు. అమెరికాలోని శాన్ డియాగోలో 1955లో డాలరు టికెట్టుతో బోటు టూరు మొదలవకముందే, 1950 నుంచే పాయింట్ లోమా కొండ మీద నిలబడి జనం గ్రే తిమింగలాలను చూసేవారు. ఈసారి నేను బైనాక్యులర్లు కొనుక్కుంటాను. పిల్లతల్లులు ఉండే నీళ్లలోకి మాత్రం ఇక బోటు ఎక్కను.