వేవర్, కన్సెషన్: రెండూ ‘మినహాయింపే’నా?

అనంతపురం నుంచి ప్రశ్న:
తేజస్ మార్క్-1 యుద్ధవిమానం మీద 2015లో వచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే సంస్థ) నివేదికలో వాయుసేన అడిగిన ప్రమాణానికి తగ్గిన అంశాలు 53. బరువు పెరగడం, లోపలి ఇంధన సామర్థ్యం తగ్గడం అందులోవే. 20 పర్మనెంట్ వేవర్లు, 33 టెంపరరీ కన్సెషన్లు. తెలుగులో ‘53 మినహాయింపులు’ అని రాస్తే సరిపోతుందా?

కడప నుంచి:
సరిపోదు సార్. వేవర్ ఇచ్చినాక ఆ షరతు మళ్లీ అడగరు. కన్సెషన్‌లో షరతు అట్లే ఉంటుంది, ఇప్పటికి తగ్గించి తీసుకుంటారు, తర్వాత సరిచేసి చూపాల. మన సీమ రైతుకు ఈ తేడా చెప్పాల్సిన పనే లేదు. అప్పు మాఫీ అయితే బ్యాంకులో పెట్టిన పాసుపుస్తకం ఇంటికొస్తుంది. రీషెడ్యూల్ చేస్తే బాకీ అట్లే, వాయిదా మాత్రం జరుగుతుంది. వేవర్‌కు ‘మాఫీ’, కన్సెషన్‌కు ‘గడువు’ అనొచ్చు.

కర్నూలు నుంచి:
‘మాఫీ’ బాగుంది అన్నా, ‘గడువు’ చాలదు. గడువులో కాలం ఒక్కటే ఉంది. కన్సెషన్ కాగితంలో నాలుగు గడులుండాల: ఏ అంశం, అడిగిన విలువ ఎంత, పరీక్షలో వచ్చింది ఎంత, ఎప్పటికి సరిచేస్తారు. ‘తాత్కాలిక సడలింపు’ అంటే తగ్గింపూ, కాలమూ రెండూ వస్తాయి. నాలుగో గడి ఖాళీగా ఉంటే మాత్రం అది సడలింపు పేరుతో నడిచే మాఫీనే, ఆడిట్ ముందు చూడాల్సింది ఆ గడినే. తేజస్‌ను వాడటానికి తొలి అనుమతి 2013 డిసెంబరులో, తుది అనుమతి 2019 ఫిబ్రవరిలో. ఐదేళ్లకు పైగా సాగినదాన్ని ‘తాత్కాలికం’ అనాలంటే తేదీ రాసి తీరాల.

అనంతపురం నుంచి:
అట్లైతే ‘విఫలం’ కూడా విడగొట్టాలప్పా. విమానాలను కూల్చే ఆకాశ్ క్షిపణి మీద 2017 కాగ్ నివేదికలో, 2014లో వదిలిన 20 క్షిపణుల్లో 6 విఫలం. పేపర్లో ‘గురి తప్పాయి’ అని రాస్తే తప్పు. రెండు అసలు పైకి లేవనే లేదు, బూస్టర్ (మొదట పైకి తోసే మోటారు) నాజిల్ చెడింది. మిగతావాటికి చెప్పిన కారణాలు వేగం చాలకపోవడం, లక్ష్యానికి ఇవతలే పడిపోవడం, సర్వో కంట్రోల్ యూనిట్ (క్షిపణిని దారి తిప్పే భాగం), రేడియో ప్రాక్సిమిటీ ఫ్యూజు (లక్ష్యం దగ్గరికి రాగానే పేల్చే భాగం) సరిగా పనిచేయకపోవడం.

కడప నుంచి:
దీనికి కొత్త మాటలు పుట్టించే పని లేదు. ‘లేవలేదు’ అంటే బూస్టర్ విప్పి చూడాల. ‘అందలేదు’ అంటే వేగం లెక్కలు తీయాల. ‘తిరగలేదు’ అంటే సర్వో. ‘పేలలేదు’ అంటే ఫ్యూజు.