సగంలో ఆగిన ఎక్స్‌ఎంఎల్‌కి కూడా ‘200 ఓకే’ వెళ్తోంది: స్ట్రీమింగ్ మధ్యలో ఎర్రర్ వస్తే ఏం చేయాలి?

ప్రశ్న

టామ్‌క్యాట్ 9 (జావా వెబ్ సర్వర్) మీద సర్వ్‌లెట్ (వెబ్ అభ్యర్థనకు జవాబిచ్చే జావా కోడ్). పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి సుమారు 3 లక్షల వరసలు చదివి ఎక్స్‌ఎంఎల్‌స్ట్రీమ్‌రైటర్‌తో నేరుగా రెస్పాన్స్‌లోకి రాస్తుంది. మధ్యలో ఎస్‌క్యూఎల్ ఎక్సెప్షన్ వస్తే క్యాచ్‌లో సెండ్‌ఎర్రర్ 500 (సర్వర్‌లో తప్పు అనే కోడ్) పిలుస్తున్నాం, అది ఇల్లీగల్‌స్టేట్ ఎక్సెప్షన్ విసురుతోంది. అవతలివాళ్లకు మాత్రం 200తో, శుభ్రంగా పార్స్ అయ్యే ఫైలు అందుతోంది, కాకపోతే సగం వరసలే ఉంటున్నాయి. అవుట్‌పుట్‌స్ట్రీమ్ ట్రై-విత్-రిసోర్సెస్‌లో ఉంది, ఫైనల్లీలో రైట్‌ఎండ్‌డాక్యుమెంట్, క్లోజ్ రెండూ పిలుస్తున్నాం. పొరపాటు ఎక్కడ?

జవాబు 1

ఆ ఫైనల్లీలోనే అండీ. రైట్‌ఎండ్‌డాక్యుమెంట్ పని, తెరిచి ఉన్న ట్యాగులన్నిటినీ మూసేయడం. ఎర్రర్ వచ్చాక దాన్ని పిలిస్తే చిరిగిన కాగితానికి కింద సంతకం పెట్టి ఇచ్చినట్టే. పార్సర్‌కి అనుమానమే రాదు. అది ట్రై బ్లాకులో ఆఖరి లైనుగా ఉండాలి, అన్నీ సవ్యంగా రాశాకే నడవాలి.

రెండోది ట్రై-విత్-రిసోర్సెస్. జావాలో రిసోర్సు మూతపడేది క్యాచ్‌లోకి రాకముందే. సర్వ్‌లెట్ అవుట్‌పుట్ స్ట్రీమ్ మూయగానే రెస్పాన్స్ కమిట్ అవుతుంది (స్టేటస్ కోడ్ ఇక మార్చలేం), చంకుడ్ పద్ధతిలో (ముక్కలుగా పంపడంలో) ‘ఇక అయిపోయింది’ అని చెప్పే సున్నా సైజు చంక్ కూడా వెళ్లిపోతుంది. అంటే ఒక్క బైటు బయటికి వెళ్లకముందే ఎర్రర్ వచ్చినా మీ క్యాచ్‌కి 500 ఇవ్వడం కుదరదు. ఆ స్ట్రీమును తెరిచింది కంటైనర్ (అంటే టామ్‌క్యాట్), మూయడం కూడా దానికే వదిలేయండి.

క్యాచ్‌లో చేయాల్సింది ఇంతే. ఈజ్‌కమిటెడ్ చూడండి. కాలేదంటే రీసెట్ పిలిచి 500 పంపండి. అయిపోయి ఉంటే లాగ్ రాసి, ఎక్సెప్షన్‌ను సర్వ్‌లెట్ బయటికి మళ్లీ విసరండి. టామ్‌క్యాట్ 9 అప్పుడు ఆఖరి చంక్ పంపకుండా కనెక్షన్ తెంపేస్తుంది. క్లయింటుకి సగంలో ఆగిందని తెలిసే నమ్మకమైన దారి ఇదే. మొరటుగా అనిపిస్తుంది గానీ మర్యాదగా అబద్ధం చెప్పడం కంటే నయం. దారిలో ఏదైనా ఫిల్టర్ ఆ ఎక్సెప్షన్‌ను మింగేస్తే మాత్రం ఇదంతా వృథా, మళ్లీ 200తో మామూలుగానే ముగుస్తుంది.

టామ్‌క్యాట్ బఫర్ (పంపేముందు నింపే తాత్కాలిక నిల్వ) డిఫాల్ట్‌గా 8 కేబీ. సెట్‌బఫర్‌సైజ్‌తో 64 కేబీ చేస్తే మొదట్లో వచ్చే తప్పులకు 500 ఇచ్చే అవకాశం పెరుగుతుంది, అయితే ఏదైనా రాయకముందే పిలవాలి. క్వెరీ నడిపి, మొదటి నెక్స్ట్ (మొదటి వరసకి వెళ్లడం) కూడా పిలిచాకే రైట్‌స్టార్ట్‌డాక్యుమెంట్ రాయండి. పర్మిషన్లు, క్వెరీ తప్పులు చాలావరకు అక్కడే బయటపడతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఆటోకమిట్ ఆపి, ఫెచ్‌సైజ్ (ఒక్కోసారి తెచ్చే వరసల సంఖ్య) 1000 లాంటిది ఇవ్వకపోతే 3 లక్షల వరసలూ ఒకేసారి మెమరీలోకి వస్తాయి, అది మరచిపోకండి.

జవాబు 2

పై జవాబుకి చేర్పు: క్లాస్‌పాత్‌లో వుడ్‌స్టాక్స్ (ఎక్స్‌ఎంఎల్ చదివే, రాసే మరో లైబ్రరీ) ఉందేమో చూసుకోండి. జేడీకేతో వచ్చే రైటర్‌లో క్లోజ్ పిలిస్తే ట్యాగులు మూయదు. వుడ్‌స్టాక్స్ క్లోజ్ మూస్తుంది, ఆటోమేటిక్ ఎండ్ ఎలిమెంట్స్ అనే ప్రాపర్టీ డిఫాల్ట్‌గా ట్రూ. దాన్ని ఫాల్స్ చేయండి, లేదా తప్పు దారిలో రైటర్ క్లోజే పిలవకండి. ఎవరో ఒక లైబ్రరీ చేర్చినందుకు ప్రవర్తన మారిపోతే వెతుక్కోవడం నరకం.

గెట్‌రైటర్ వాడుతుంటే మానేయండి. అది ప్రింట్‌రైటర్, ఐఓ ఎక్సెప్షన్లను లోపలే దాచేస్తుంది. క్లయింటు ఎప్పుడో వెళ్లిపోయినా మీ లూప్ 3 లక్షల వరసలూ రాస్తూనే ఉంటుంది. గెట్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ తీసుకుంటే క్లయింట్‌అబార్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. దాన్ని ఎర్రర్‌గా కాక డీబగ్ స్థాయిలో లాగ్ చేస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ, ఫైనల్లీ తీసేశాం. టామ్‌క్యాట్ పోర్టుకి నేరుగా వెళ్తే ఇప్పుడు తెగినట్టు తెలుస్తోంది. ముందున్న ఎన్‌జింక్స్ ప్రాక్సీ ద్వారా వెళ్తే మాత్రం ఇంకా మామూలుగానే ముగుస్తోంది. ఇంకోటి, ఒక్క వరసలో పాడు అక్షరం ఉంటే మొత్తం ఆపాల్సిందేనా?

జవాబు 1

ఎన్‌జింక్స్‌లో ప్రాక్సీ హెచ్‌టీటీపీ వెర్షన్ 1.1 అని పెట్టారా? చాలాకాలం దాని డిఫాల్ట్ 1.0గానే ఉండేది. అందులో చంకులు ఉండవు, కనెక్షన్ మూయడమే ముగింపు గుర్తు. టామ్‌క్యాట్ తెంపినా ఎన్‌జింక్స్ దాన్ని సహజ ముగింపు అనుకుని, అటువైపు సున్నా చంక్‌తో చక్కగా ముగించేస్తుంది. మార్చాక పరీక్షించడానికి, స్ట్రీమ్ నడుస్తుండగా పోస్ట్‌గ్రెస్‌లోని పీజీ టెర్మినేట్ బ్యాకెండ్ ఫంక్షన్‌తో ఆ సెషన్‌ను చంపండి. డౌన్‌లోడుకి వాడే కర్ల్ కమాండ్ 18వ నంబర్ ఎర్రర్‌తో (ఫైలు అసంపూర్ణం) ఆగితే సరిగ్గా ఉన్నట్టు. (హెచ్‌టీటీపీ/2 అయితే నంబర్ వేరుగా వస్తుంది.)

పాడు అక్షరాల సంగతి. ఎక్స్‌ఎంఎల్ 1.0లో 0x20 కంటే తక్కువ కోడ్ ఉన్న అక్షరాల్లో ట్యాబ్, లైన్‌ఫీడ్, క్యారేజ్ రిటర్న్ మాత్రమే చెల్లుతాయి. వర్డ్ నుంచి కాపీ చేసిన పాఠంలో వచ్చే 0x0B చెల్లదు, ఎస్కేప్ చేసి రాసినా చెల్లదు. వుడ్‌స్టాక్స్ దీన్ని రాసేటప్పుడే పట్టుకుని ఎక్సెప్షన్ విసురుతుంది. జేడీకే రైటర్ నోరు మెదపకుండా రాసేస్తుంది, అవతల పార్సర్ కూలుతుంది. వరసను రాయకముందే శుభ్రం చేయండి: కాలమ్ విలువలన్నీ ముందు వేరియబుల్స్‌లోకి తీసుకుని, తనిఖీ అయ్యాకే రైట్‌స్టార్ట్‌ఎలిమెంట్. అలా చేస్తే పాడు వరస సగం ట్యాగు మిగల్చకుండా పక్కకి తప్పుకుంటుంది, దాని ఐడీ లాగ్‌లో ఉంటుంది. అలా వదిలేయడం కుదురుతుందా అన్నది డేటాని బట్టి. చిరునామాల జాబితా అయితే సరే, లెక్కల ఫైలు అయితే ఆపడమే మంచిది.

జవాబు 3

ఎక్సెప్షన్ మళ్లీ విసరడం, ఎన్‌జింక్స్ వెర్షన్ మార్చడం, రెండూ కనెక్షన్ స్థాయివి. ఫైలును డిస్కులో దాచి రేపు చదివేవాడికి కనెక్షన్ ఎలా తెగిందో తెలియదు. అందుకే చివర్లో ఒక ఎలిమెంట్ తప్పనిసరి చేయండి:

<ముగింపు స్థితి="పూర్తి" వరసలు="300000"/>

ఇది లేకపోయినా, వరసల లెక్క కలవకపోయినా ఫైలును తిప్పికొట్టాలని అవతలివాళ్లతో ఒప్పందం చేసుకోండి, ఎక్స్‌ఎస్‌డీలో (ఫైలు నిర్మాణం చెప్పే స్కీమాలో) కూడా పెట్టండి. (తెలుగు ట్యాగు పేర్లు ఎక్స్‌ఎంఎల్‌లో చెల్లుతాయి, సరదాకి రాసింది కాదు.)

ఫైలు కొన్ని వందల ఎంబీ లోపే అయితే అసలు స్ట్రీమింగ్ ఎందుకని నా ప్రశ్న. ఫైల్స్ క్రియేట్‌టెంప్‌ఫైల్‌తో డిస్కు మీద పూర్తిగా రాసి, కంటెంట్-లెంగ్త్ పెట్టి ఫైల్స్ కాపీతో పంపండి. ఫైలు తయారవుతుండగా ఏం జరిగినా 500 ఇవ్వొచ్చు. చూసుకోవాల్సినవి మూడు: ఫైలు తుడిచే లైను ఫైనల్లీలో ఉండాలి, డాకర్ లాంటి కంటైనర్‌లో టెంప్ ఫోల్డరు మెమరీలోనే ఉందేమో చూడాలి, తయారీకి 60 సెకన్లు దాటితే ఎన్‌జింక్స్ ప్రాక్సీ రీడ్ టైమవుట్ డిఫాల్ట్ అదే కాబట్టి 504 (గేట్‌వే టైమవుట్) వస్తుంది, ఆ టైమవుట్‌ను పెంచాలి.