విజయవాడలో ఎల్ఎల్ఆర్‌కి (లెర్నర్ లైసెన్సుకి) ఏ కాగితాలు కావాలి? ఆధార్‌లో పేరు ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంది

పటమట_వాసి:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఇద్దరికి లైసెన్సులు కావాలి.

మొదటిది తమ్ముడికి. వయసు 19, పటమటలో హాస్టల్లో ఉంటాడు. ఆధార్ అడ్రసు మాచర్ల. జిల్లా ఇంకా గుంటూరు అనే ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే, టెన్త్ మెమోలో పూర్తిగా ఉంది. పుట్టినతేదీ మెమోలో ఆగస్టు, ఆధార్‌లో జనవరి 1. గేరు బండికీ కారుకీ కలిపి ఒకేసారి పెట్టాలని ఉంది.

రెండోది నాన్నగారికి. వయసు 52. బండి లైసెన్సు 2005లో తీసుకున్నారు. ఇప్పుడు కారు నేర్చుకుంటున్నారు. ఆయనకి కొత్తగా ఎల్ఎల్ఆర్ పెట్టాలా, పాతదాంట్లోనే కలపాలా?

ఏ కాగితాలు తీసుకెళ్లాలో, ఎక్కడ ఆగిపోయే అవకాశం ఉందో తెలిసినవాళ్లు చెప్పగలరు.

బందరు_రోడ్డు:
తమ్ముడి విషయం ముందు. దరఖాస్తు ఇప్పుడే నింపకండి, ముందు ఆధార్ సరిచేయించండి.

ఎందుకంటే, లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైటైన సారథి పోర్టల్లో ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని లెర్నర్ లైసెన్సు దరఖాస్తులోకి వెళ్తే రెండు దారులు కనిపిస్తాయి: ఆధార్ ధ్రువీకరణతో, ఆధార్ లేకుండా. మొదటి దారిలో ఆధార్‌కి లింకైన ఫోనుకి ఓటీపీ వస్తుంది. పేరు, పుట్టినతేదీ, అడ్రసు, ఫొటో అన్నీ ఆధార్ నుంచే వచ్చి కూర్చుంటాయి. అంటే ఆ జనవరి 1 తేదీ, ఆ ఒక్క అక్షరం ఇంటిపేరు నేరుగా లైసెన్సు మీదకి ఎక్కుతాయి. తర్వాత పాస్‌పోర్టుకో ఉద్యోగానికో మెమో, లైసెన్సు పక్కపక్కన పెట్టినప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. లైసెన్సులో మార్చాలంటే అప్పుడైనా ఆధార్ మార్చి, మళ్లీ దరఖాస్తు పెట్టి, మళ్లీ ఫీజు కట్టాలి.

రెండో దారిలో కాగితాలు మనమే అప్‌లోడ్ చేసి ఒరిజినల్స్‌తో ఆఫీసుకి వెళ్లాలి. అక్కడ మెమోలో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ కనిపిస్తే ఏది నమ్మాలని అడుగుతారు. అడగడం న్యాయమే. కాబట్టి ఈ దారిలో వెళ్లినా సమస్య తప్పదు.

మన తెలుగువాళ్లకి ఇది చాలా మామూలు చిక్కు. బడిలో ఇంటిపేరు పూర్తిగా రాస్తారు. మొదట్లో ఆధార్ నమోదప్పుడు చాలామందికి ‘కె’, ‘వి’ అని ఒక్క అక్షరంతో సరిపెట్టేశారు. పుట్టినతేదీకి రుజువు చూపించనివాళ్లకి సంవత్సరం ఒక్కటే ఎక్కింది, లేదా జనవరి 1 పడింది.

సరిచేయించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టినతేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. అందుకే మెమో పక్కన పెట్టుకుని, ఇంగ్లిషు స్పెల్లింగు అక్షరం అక్షరం చూసి, ఆపరేటరు తెర మీద టైపు చేసింది చదివాకే ఓకే అనండి. ఇంటిపేరుకీ పేరుకీ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నది కూడా చూడండి. పేరు, తేదీ రెండూ ఒకే మెమోతో ఒకే రోజు మార్పించడం మేలు. రసీదు మీద యూఆర్ఎన్ (మార్పు అభ్యర్థన) నంబరు ఉంటుంది, దాంతో స్థితి చూసుకోవచ్చు. నెల వరకూ పట్టొచ్చని లెక్కవేసుకోండి. ఫోను నంబరు లింకు లేకపోతే అదీ అక్కడే చేయించేయండి, లేదంటే ఓటీపీ రాక దరఖాస్తు మొదటి మెట్టులోనే ఆగిపోతుంది.

అరండల్‌పేట_4వ_లైను:
పై జవాబు పూర్తిగా సరైనది. నాన్నగారి గురించి నేను చెప్తాను, అక్కడ మీరు అనుకోని చిక్కు ఒకటి ఉంది.

2005లో తీసుకున్న లైసెన్సుకి అప్పటి నిబంధన ప్రకారం చెల్లుబాటు 20 ఏళ్లు, లేదా 50 ఏళ్ల వయసు వరకు. రెండిట్లో ఏది ముందొస్తే అది. 20 ఏళ్లంటే 2025 దాకా ఉందని అనుకుంటారు. కానీ ఆయనకి 50 నిండిన రోజే అది ముగిసి ఉంటుంది. కార్డు మీద చెల్లుబాటు తేదీ ఒకసారి చూడండి.

మోటారు వాహనాల చట్టం 15వ సెక్షను ప్రకారం గడువు తీరడానికి ఏడాది ముందు నుంచి, తీరాక ఏడాది లోపు రెన్యూవల్ పెట్టుకోవచ్చు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పాసైతేనే రెన్యూవల్. ఆయనకి 52 కాబట్టి ఆ ఏడాది దాటిపోయింది. ఆలస్యంగా పెట్టిన రెన్యూవల్‌కి ఫీజు 300, దానిమీద ఆలస్యమైన ప్రతి ఏడాదికీ 1,000 అదనం. ఇవి కేంద్ర నిబంధనల్లోని ఫీజులు, రాష్ట్ర సర్వీసు చార్జీలు వేరే.

గడువు తీరిన లైసెన్సుతో ఈ రెండేళ్లూ బండి నడుపుతూ ఉంటే దయచేసి ఈరోజే ఆపించండి. ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పెద్ద ఇబ్బంది అవుతుంది.

కారు సంగతికొస్తే, పాత లైసెన్సు దాచిపెట్టి కొత్త మనిషిలా ఎల్ఎల్ఆర్ పెట్టొద్దు. ఒక మనిషికి రెండు లైసెన్సులు ఉండకూడదని 6వ సెక్షను చెప్తుంది. కొందరు ఏజెంట్లు సులువని ఈ పనే చేయిస్తారు. పాత నంబరుతోనే లాగిన్ అయి, ముందు రెన్యూవల్, దాంతోపాటు కారు తరగతి (వాహన రకం) కలపడం అడగాలి. పాత కార్డు నంబరు కొట్టినప్పుడు సారథిలో వివరాలు దొరకలేదని వస్తే కంగారు పడకండి. పాత రికార్డు ఆ వ్యవస్థలోకి ఎక్కలేదని అర్థం. ఒరిజినల్ కార్డు పట్టుకుని అది ఇచ్చిన ఆఫీసుకి వెళ్లి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయమని అడగండి. అది పడ్డాకే ఆన్‌లైన్లో మిగతా పని కదులుతుంది.

ఆయనకి కావాల్సిన కాగితాల్లో తమ్ముడికి అవసరం లేనిది ఒకటుంది: ఫారం 1ఏ. 40 ఏళ్లు నిండినవాళ్లకీ, రవాణా వాహనాలకి పెట్టేవాళ్లకీ వైద్యుడి సర్టిఫికెట్ తప్పనిసరి. తమ్ముడికి ఫారం 1 చాలు, అది ఆరోగ్యం గురించి తనే రాసి సంతకం పెట్టే కాగితం. ఫారం 1ఏ తెల్లకాగితం మీద రాయించుకోకండి, ముద్రించిన నమూనాలోనే ఉండాలి. ఫొటో అతికించి ఉండాలి, డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు చదవగలిగేలా ఉండాలి. నంబరు లేని సర్టిఫికెట్ వెనక్కి తిప్పిపంపుతారు. చూపు సరిగా లేకపోతే అద్దాలు పెట్టుకునే పరీక్ష చేయించుకోమనండి.

పటమట_వాసి:
చాలా ధన్యవాదాలండి. నాన్నగారి కార్డు చూశాను. మీరన్నట్టే గడువు తీరిపోయింది. బండి తాళాలు తీసి పెట్టేశాం.

తమ్ముడికి ఇంకొక ప్రశ్న. ఆధార్ మాచర్లది, ఉండేది విజయవాడలో. హాస్టల్ వాళ్లు ఉత్తరం రాసిస్తామన్నారు, అది సరిపోతుందా? జిల్లా పాత పేరుతో ఉండటం అడ్డమా?

బందరు_రోడ్డు:
హాస్టల్ ఉత్తరం నమ్ముకోవద్దు. వయసుకీ అడ్రసుకీ ఏ రుజువులు చెల్లుతాయో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 4వ రూలులో ఉంది: ఓటరు కార్డు, పాస్‌పోర్టు, ఎల్ఐసీ పాలసీ, ప్రభుత్వ ఆఫీసు జీతం స్లిప్పు, బడి సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం, నోటరీ ముందు చేసిన అఫిడవిట్ లాంటివి. ప్రైవేటు హాస్టల్ లెటర్‌హెడ్ అందులో లేదు.

జిల్లా పేరు భయపడాల్సిన విషయం కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, మాచర్ల పల్నాడులోకి వెళ్లింది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. పాత పేరున్న ఆధార్ అంతమాత్రాన చెల్లకుండా పోదు. ఎలాగూ పేరు మార్పించడానికి వెళ్తున్నారు కాబట్టి అడ్రసులో జిల్లా కూడా అప్పుడే మార్పించేయండి.

ఎక్కడ పెట్టాలి అంటే, 2019 సవరణ తర్వాత చట్టం ప్రకారం తాను నివసించే రాష్ట్రంలో ఏ లైసెన్సింగ్ అధికారి దగ్గరైనా పెట్టుకోవచ్చు. అయితే దరఖాస్తులో ప్రస్తుత అడ్రసు, శాశ్వత అడ్రసు వేర్వేరు గళ్లు. ప్రస్తుత అడ్రసు పటమట అని రాస్తే దానికి రుజువు అడుగుతారు. అఫిడవిట్ చేయించుకునే శ్రమ వద్దనుకుంటే రెండిటికీ మాచర్ల అడ్రసే ఇవ్వండి. లైసెన్సు మీద ఉత్తరాలు అందే అడ్రసు ఉండటం ముఖ్యం. చదువు అయ్యేదాకా హాస్టళ్లు మారుతూనే ఉంటాడు, సొంతూరు మారదు. నా సలహా మాచర్ల అడ్రసే.

ఎల్_బోర్డు:
మిగతా సంగతులు నేను రాస్తాను. ఎక్కువమంది వెనక్కి వచ్చేది పరీక్ష రోజునే.

ఎల్ఎల్ఆర్‌కి: దరఖాస్తు ప్రింటు, ఫారం 1, ఫీజు రసీదు, స్లాట్ కాగితం, ఆధార్, టెన్త్ మెమో ఒరిజినల్స్, ఒక్కో జిరాక్సు. ఆధార్ దారిలో కాకుండా పెడితే ఫొటో, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలి, నెట్ సెంటర్లో కుదించేటప్పుడు మొహం మసకబారకుండా చూడండి. తరగతుల దగ్గర గేరు బండికి ‘ఎంసీడబ్ల్యూజీ’, కారుకి ‘ఎల్ఎంవీ’ రెండూ టిక్కు పెట్టాలి. తొందరలో గేరు లేని ‘ఎంసీడబ్ల్యూఓజీ’ టిక్కు పెట్టేసి తర్వాత బాధపడేవాళ్లు చాలామంది.

కేంద్ర ఫీజు: ఎల్ఎల్ఆర్‌కి ఒక్కో తరగతికి 150, కాబట్టి రెండిటికి 300. రాతపరీక్షకి 50. తర్వాత డ్రైవింగ్ పరీక్షకి తరగతికి 300 చొప్పున 600, లైసెన్సుకి 200. వీటిమీద రాష్ట్ర సర్వీసు చార్జీలు పడతాయి. తెర మీద చూపించే మొత్తమే లెక్క. రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టొద్దు.

రాతపరీక్ష కంప్యూటరు మీద, 60 శాతం వస్తే పాసు. తెలుగులో రాయొచ్చు. గుర్తుల బోర్డులు రెండు రోజులు చూసుకుంటే చాలు.

ఎల్ఎల్ఆర్ వచ్చిన తేదీ నుంచి 30 రోజులు గడిస్తేనే డ్రైవింగ్ పరీక్ష, 6 నెలలతో అది ముగిసిపోతుంది. ఆరు నెలలున్నాయి కదా అని ఐదో నెల దాకా ఆగకండి. పరీక్ష తప్పితే కనీసం ఏడు రోజులు ఆగాలి, మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఈలోపు గడువు తీరితే మళ్లీ కొత్త ఎల్ఎల్ఆర్. నెలా పది రోజులకి మొదటి స్లాట్ తీసుకోవడం మంచిది.

పరీక్షకి బండి, కారు మనమే తీసుకెళ్లాలి. వాటి ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ చెల్లుబాటులో ఉండాలి. పొల్యూషన్ నిన్నటితో అయిపోయిన బండి మీద వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు అక్కడే ఆపేస్తారు, స్లాట్ పోతుంది. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి. తెల్ల పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, ఎర్ర ఎల్ అక్షరం ఎత్తు 10, మందం 2, అడుగున వెడల్పు 9 సెంటీమీటర్లకి తగ్గకూడదు. కాగితం మీద పెన్నుతో గీసి అతికించింది చెల్లదు. కారులో పక్క సీట్లో లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. బండి మీద వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, లైసెన్సుండి నేర్పేవాళ్లని తప్ప. బండి పరీక్షకి హెల్మెట్ మర్చిపోకండి.

తెనాలి_రైలుగేటు:
మధ్యలో వస్తున్నా. మా చెల్లికి 17. గేరు లేని స్కూటీకి 16కే ఇస్తారంటున్నారు, నిజమేనా?

ఎల్_బోర్డు:
సగం నిజం. 16 ఏళ్లకి ఇచ్చేది 50 సీసీ లోపు, గేరు లేని బండికి మాత్రమే, అదీ అమ్మానాన్నల సమ్మతి సంతకంతో. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ 50 సీసీ పైనే. వాటికి 18 నిండాల్సిందే. మైనరు నడుపుతూ దొరికితే 199ఏ సెక్షను కింద బండి యజమానికి లేదా సంరక్షకుడికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. పైగా ఆ పిల్లకి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్ఎల్ఆర్ ఇవ్వరు. ఒక్క ఏడాది ఆగండి.

అరండల్‌పేట_4వ_లైను:
పెళ్లయిన ఆడవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకోసం. మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఉంటుంది. దానికీ ఇదే చిక్కు. ఏ పేరుతో ముందుకెళ్లాలో నిర్ణయించుకుని ఆధార్, పాన్, లైసెన్సు మూడూ ఆ పేరుకే తెచ్చుకోండి. భర్త ఇంటిపేరే అనుకుంటే వివాహ ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి, ఆధార్‌లో మార్పుకీ అదే పనికొస్తుంది.

పటమట గారూ, లైసెన్సు వచ్చాక తమ్ముడి చేత డిజీలాకర్‌లోకి తెప్పించుకోమనండి. పోలీసులు ఆపినప్పుడు డిజీలాకర్‌, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాపుల్లో ఉన్నవి ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతాయి. ఫోనులో తీసిన ఫొటో మాత్రం చెల్లదు.