బెంగళూరులో కోవిడ్ మరణానికి వచ్చే 50,000 సాయం: అప్లై చేసినవాళ్ళు మీ అనుభవం చెప్పండి

కదిరి_కోడలు
17 ఏప్రిల్ 2022, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది కదిరి. పెళ్ళయినప్పటి నుంచి బెంగళూరులోనే, రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం. పోయిన ఏడాది మే 12న మావారు పోయారు. ఏప్రిల్ 21న ఇచ్చిన టెస్టులో పాజిటివ్ వచ్చింది. రెండు వారాలు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నారు. ఆక్సిజన్ తీసేశాక ఇంటికి పంపారు. వారం తిరక్కుండానే ఒకరోజు తెల్లవారుజామున ఆయాసం మొదలైంది. అంబులెన్స్ వచ్చేలోపే అయిపోయింది.

ప్రభుత్వం ఏదో ఇస్తోందని అప్పట్నుంచీ వింటున్నా, నాకు మనసొప్పలేదు. ఆయన పోయినందుకు డబ్బు తీసుకోవడమేంటి అనిపించేది. ఇప్పుడు పెద్దపాప ఫీజు కట్టాలి, చిన్నదాన్ని బడిలో వెయ్యాలి. మే నెలతో గడువు అయిపోతుందని తమ్ముడు గట్టిగా చెబితే మొన్న ఆఫీసుకి వెళ్ళాను. డెత్ సర్టిఫికెట్‌లో కోవిడ్ అని లేదు, పైగా ఇంట్లో పోయారు, మీకు రాదమ్మా అని తిప్పి పంపేశారు.

ఇంకో చిక్కు. ఆధార్‌లో ఆయన ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది. ఆసుపత్రి కాగితాల్లో పేరు ముందు, ఇంటిపేరు ఒక్క అక్షరంగా వెనక. రేషన్ కార్డు ఇంకా ఆంధ్రాదే. ఈ తిప్పలు పడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే దారి చెప్పండి.

ఆటో_అన్న_కేఆర్‌పురం
17 ఏప్రిల్ 2022, రాత్రి 11:15

అమ్మా, రాదని వాళ్ళు నోటితో చెప్పినారా, కాగితం మీద రాసిచ్చినారా? నోటిమాట లెక్కలోకి రాదు. అప్లికేషన్ తీసుకోమనల్ల, తీసుకున్నట్టు రసీదు ఇమ్మనల్ల. రసీదు లేకుండా కౌంటర్ కాడ్నుంచి కదలద్దు. నేను ఆ తప్పే చేసి రెండు నెలలు పోగొట్టుకున్న్యా.

లెక్కల_పంతులు
18 ఏప్రిల్ 2022, ఉదయం 6:20

అమ్మా, మీకు వస్తుంది. ఎందుకు వస్తుందో వివరంగా రాస్తాను. మా బంధువుల్లో, మా వీధిలో కలిపి ఆరు అప్లికేషన్లు నా చేత్తో నింపాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మొదటిది, ఇంట్లో పోయినా ఇది వర్తిస్తుంది. 2021 సెప్టెంబరు 3న కేంద్ర ఆరోగ్య శాఖ, ఐసీఎంఆర్ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. పాజిటివ్ అని తేలిన రోజు నుంచి 30 రోజుల్లోపు మరణిస్తే, అది ఆసుపత్రిలో జరిగినా బయట జరిగినా కోవిడ్ మరణమే. ఏప్రిల్ 21 నుంచి మే 12కి 21 రోజులు. మీరు గడువులోపలే ఉన్నారు. ఆసుపత్రిలో చేరి, ఇంటికి రాకుండా అక్కడే 30 రోజులు దాటాక పోయినవాళ్ళకి కూడా వర్తిస్తుంది. మా పెదనాన్న ఏప్రిల్ 26న చేరి జూన్ 2న పోయారు, 37వ రోజు. ఆయనదీ ఆమోదించారు.

రెండోది, డెత్ సర్టిఫికెట్. చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. మనకిచ్చే మరణ ధ్రువపత్రం మీద అసలు ఏ జబ్బు పేరూ ఉండదు. గుండెపోటుతో పోయినవాళ్ళదైనా చూడండి, కారణం కనపడదు. జనన మరణాల నమోదు చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఆ ప్రతిలో కారణం చూపకూడదు. కారణం ఉండేది డాక్టరు రాసే వేరే కాగితంలో. ఆసుపత్రిలో అయితే ఫారం 4, ఇంట్లో అయితే 4ఏ. కాబట్టి సర్టిఫికెట్‌లో కోవిడ్ లేదనడం మీ ఒక్కరి సమస్య కాదు, అందరిదీ అంతే. ఆ ఒక్క కారణంతో ఏ రాష్ట్రమూ సాయం నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 4న స్పష్టంగా చెప్పింది. మీకు కావలసింది పాజిటివ్ రిపోర్టు, ఆ తేదీ, మరణించిన తేదీ.

మూడోది గడువు. మొన్న మార్చి 24న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, మార్చి 20కి ముందు జరిగిన మరణాలకి ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి 60 రోజులు. అంటే మే 23. ఆ తర్వాతి మరణాలకి 90 రోజులు. మధ్యలో మే 3న బసవ జయంతి, రంజాన్ సెలవు ఉంది, శని ఆదివారాలు తీసేస్తే ఎక్కువ రోజులు లేవు.

డబ్బు తీసుకోవడానికి మనసొప్పలేదన్నారు. మా పిన్నీ అదే మాట అంది. తల్లీ, ఇది ఎవరో దయతలచి ఇస్తున్నది కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్‌లో ప్రాణనష్టానికి సాయం ఇవ్వాలని రాసి ఉంది. 2020 మార్చి 14న కోవిడ్‌ని విపత్తుగా ప్రకటించినప్పుడు కేంద్రం మొదట 4 లక్షలు అని రాసి, అదే రోజు ఆ మాట తీసేసింది. తర్వాత కొందరు కోర్టుకెళ్ళి పోరాడితే, 2021 జూన్ 30న సుప్రీంకోర్టు ఎంతో కొంత ఇచ్చి తీరాలని తీర్పిచ్చింది. అప్పుడు ఈ 50 వేలు ఖాయమైంది. నాలుగు లక్షల దగ్గర మొదలై 50 వేల దగ్గర ఆగిన డబ్బు ఇది. దీన్ని కూడా వదిలేస్తే మీ పిల్లలకి అన్యాయం చేసినట్టు.

యశ్వంతపుర_అమ్మాయి
18 ఏప్రిల్ 2022, ఉదయం 9:05

పంతులు గారూ, మా నాన్నకి ఆర్టీపీసీఆర్ నెగటివ్ వచ్చింది, సీటీ స్కాన్‌లో మాత్రం ఊపిరితిత్తులు బాగా పాడైనట్టు వచ్చింది. కోవిడ్ వార్డులోనే పెట్టారు. ముందు ఇంకో చోట ర్యాపిడ్ టెస్టు చేయించాం, అది పాజిటివ్ అని గుర్తు, కానీ ఆ కాగితం ఎక్కడ పోయిందో. మేం వదులుకోవాల్సిందేనా?

లెక్కల_పంతులు
18 ఏప్రిల్ 2022, ఉదయం 9:40

వదులుకోకండి. ఆర్టీపీసీఆర్ ఒక్కటే కాదు, ర్యాపిడ్ యాంటిజెన్ కూడా చెల్లుతుంది. ఏ టెస్టూ లేకపోయినా, ఆసుపత్రిలో చూసిన డాక్టరు పరీక్షల ఆధారంగా కోవిడ్ అని నిర్ధారిస్తే అదీ చెల్లుతుంది. కేస్ షీట్ కాపీ అడగండి. అడిగితే ఇవ్వాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. ఇవ్వకపోతే జిల్లాలో దీనికోసమే వేసిన ఫిర్యాదుల కమిటీకి రాయండి, ఆ కమిటీకి రికార్డులు తెప్పించే అధికారం ఉంది. మీ కేసు నేరుగా కౌంటర్‌లో తేలదు, కమిటీకే వెళ్తుంది. కాస్త ఓపిక కావాలి.

రాయదుర్గం_రైలు
18 ఏప్రిల్ 2022, మధ్యాహ్నం 1:30

ఊరు సంగతి నేను చెబుతా, ఎందుకంటే నేను రెండు వైపులా తిరిగాను. మా అమ్మ పోయింది బెంగళూరులో, ఆధార్ అడ్రసు అనంతపురం జిల్లా. అక్కడ అప్లై చేస్తే సులువని సెలవు పెట్టి వెళ్ళా. మరణం ఎక్కడ నమోదైందో అక్కడే అడగమన్నారు. తిరిగొచ్చి ఇక్కడ పెడితే తీసుకున్నారు. కదిరి అక్కా, మీవారి మరణం బెంగళూరులో నమోదైంది కాబట్టి ఇక్కడే పెట్టండి. పైగా ఈ నెల 4 నుంచి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది, కలెక్టరేట్ పుట్టపర్తిలో. కొత్త ఆఫీసు సర్దుకునేలోపు మీ గడువు అయిపోతుంది.

ఒకటి మాత్రం బాధగా ఉంది. కర్ణాటక ప్రభుత్వం పేద కుటుంబాలకి, అంటే బీపీఎల్ కార్డు ఉన్నవాళ్ళకి, ఈ 50 వేలు కాక ఇంకో లక్ష ఇస్తోంది. పదిహేనేళ్ళుగా ఇక్కడే కూలి చేసుకుంటున్నాం, కానీ మాది ఆంధ్రా కార్డు. ఆ లక్ష మాకు రాలేదు. ఇక్కడ మేస్త్రీ పనులకొచ్చిన మనవాళ్ళు ఎంతమందో ఇలాగే ఉన్నారు. అద్దె ఇంటి ఓనరు కాగితం ఇవ్వక, ఊళ్ళో కార్డు తీసేస్తారేమోనన్న భయంతో మార్పించుకోని కుటుంబాలు.

హెబ్బాళ_వదిన
18 ఏప్రిల్ 2022, సాయంత్రం 4:10

పేర్ల తేడాకి నేను చేసింది ఇది. రెండు పేర్లూ ఒకే మనిషివని స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్. ఆధార్‌లో ఎలా ఉందో ఒక్క అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. మన ఇంటిపేర్లు ఇక్కడి కంప్యూటర్లలో ఎప్పుడూ తలకిందులే. మా అత్తగారి పేరులో లక్ష్మి మూడు కాగితాల్లో మూడు స్పెల్లింగులు.

ఇంకా వంశవృక్ష అడుగుతారు, అంటే కుటుంబ సభ్యుల పత్రం. అది నాడకచేరిలోనే, అంటే ఇక్కడి రెవెన్యూ ఆఫీసులోనే ఇస్తారు, కొన్ని రోజులు పడుతుంది, ముందు దానికి పెట్టుకోండి. అత్తమామలు ఉంటే మాకు అభ్యంతరం లేదని సంతకం చేయించుకోండి. మా ఇంట్లో ఆ సంతకం దగ్గరే మాటామాటా పెరిగింది. అడిగేటప్పుడు నెమ్మదిగా, ఇది పిల్లల కోసమని చెప్పి అడగండి.

ఆటో_అన్న_కేఆర్‌పురం
18 ఏప్రిల్ 2022, రాత్రి 9:50

బ్యాంకు సంగతి ఎవురూ చెప్పలే. డబ్బులు ఆధార్ మీద పడతాయి. మనం పాస్‌బుక్కు ఏది ఇచ్చినా, ఆధార్‌కి కడాన ఏ బ్యాంకు కలిసి ఉంటే దాంట్లోకే పోతాయి. 2021 లాక్‌డౌన్‌లో ఆటో డ్రైవర్లకి 3,000 ఇచ్చినారు కదా, సేవా సింధులో, అదే కర్ణాటక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టినా. అందరికీ వచ్చె, నాకు రాలేదని ఎంతో బాధపడితి. ఆరు నెలలకు హిందూపురం పోతే తెలిసింది, ఎప్పుడో గ్యాస్ సబ్సిడీకని తెరిచిన పాత అకౌంట్‌లో పడిండాయి. అమ్మా, ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ అని ఉంటాది, నీ నంబర్ కొట్టి ఏ బ్యాంకు చూపిస్తాదో చూసుకో.

ఐదువేలు ఇస్తే పని చేసి పెడతామని ఆఫీసు బయట కొందరు ఉంటారు. పైసా ఇయ్యద్దు.

వైట్‌ఫీల్డ్_నాన్న
19 ఏప్రిల్ 2022, ఉదయం 7:15

ఆ బయటివాళ్ళ గురించి ఇంకో మాట. రిపోర్టు లేకపోతే తయారుచేసి ఇస్తామంటారు. అది మాత్రం చెయ్యకండి. దొంగ సర్టిఫికెట్ల మీద సుప్రీంకోర్టు అదే మార్చి ఉత్తర్వులో మాట్లాడింది. ఆంధ్రప్రదేశ్, గుజరాత్, కేరళ, మహారాష్ట్రల్లో వచ్చిన దరఖాస్తుల్లో ఐదు శాతం తనిఖీ చెయ్యమంది. విపత్తు నిర్వహణ చట్టం 52వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. నిజంగా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు కాగితం కోసం దొంగలుగా నిలబడే పరిస్థితి రాకూడదు.

తల్లిదండ్రులిద్దరూ పోయిన పిల్లలు మీకు తెలిసిన ఇళ్ళలో ఉంటే, కర్ణాటకలో ముఖ్యమంత్రి బాల సేవా పథకం కింద నెలకి 3,500 ఉంది. వాళ్ళ తరఫున అడిగే పెద్దలు ఉండరు. చుట్టుపక్కలవాళ్ళే పూనుకోవాలి.

కదిరి_కోడలు
6 మే 2022, రాత్రి 11:20

ఇన్నాళ్ళు రాయలేకపోయాను, క్షమించండి. నిన్న అప్లికేషన్ తీసుకున్నారు, రసీదు నా చేతిలో ఉంది.

అన్నిటికన్నా కష్టమైంది పాజిటివ్ రిపోర్టు దొరకడం. ఆసుపత్రి ఫైల్‌లో లేదు. టెస్టు చేసిన ల్యాబ్‌వాళ్ళు నంబర్ ఉంటేనే వెతుకుతామన్నారు. టెస్టు ఇచ్చిన రోజు ఎస్‌ఆర్‌ఎఫ్ నంబర్, అంటే ఆ శాంపిల్‌కి వేసే నంబర్, మెసేజ్ వస్తుందని హెబ్బాళ వదిన ఫోన్‌లో చెప్పారు. అది వచ్చింది ఆయన ఫోన్‌కి. ఏడాదిగా ఆ ఫోన్ బీరువాలో చీరల మధ్య ఉంది, నేను ముట్టుకోలేదు. ఆ రోజు తీసి ఛార్జింగ్ పెట్టాను. తెరవగానే చిన్నపాప ఫొటో. మెసేజీలు వెతుకుతూ ఉంటే నేను ఆసుపత్రి బయట నిలబడి ఆయనకి పంపినవన్నీ కనపడ్డాయి. తిన్నారా, పడుకున్నారా, ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది అని. ఆ రాత్రి ఇంకేమీ చెయ్యలేకపోయాను. తెల్లారి నంబర్ రాసుకుని వెళితే పది నిమిషాల్లో రిపోర్టు ప్రింట్ తీసి ఇచ్చారు.

మా మామగారు కదిరి నుంచి వచ్చి మరీ సంతకం పెట్టారు. పేర్లకి అఫిడవిట్ ఇచ్చాను. ఆంధ్రా కార్డు కాబట్టి ఆ లక్ష రాదని చెప్పారు, సరేనన్నాను. మొన్న తిప్పి పంపిన ఆయనే కూర్చుని ఉన్నారు. 30 రోజుల లెక్క తేదీలతో కాగితం మీద రాసి ముందు పెట్టాను, చదివి తీసుకున్నారు. 30 రోజుల్లో తేల్చాలట, జూన్ మొదటి వారం దాకా చూస్తాను. ఆధార్‌కి కలిసి ఉన్నది కదిరి బ్యాంకే, అన్న చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

యశ్వంతపుర చెల్లీ, మీ నాన్నగారి ఫోన్ ఇంకా మీ దగ్గరే ఉందా? ర్యాపిడ్ టెస్టు చేయించామన్నావు కదా, దానికీ మెసేజ్ వచ్చి ఉండొచ్చు. ఆ ఫోన్ ఎవరికైనా ఇచ్చేముందు ఒకసారి తెరిచి చూడు. ఒక్కదానివే చూడలేకపోతే నన్ను పిలువు, ఆదివారం వస్తాను.