సెలైన్ చుక్కలను లెక్కించే క్లిప్పుకు పేటెంటు దొరుకుతుందా? ప్రదర్శనకు ముందే దరఖాస్తు చేయాలా?

ప్రశ్న: గోదావరి గట్టు

రాజమహేంద్రవరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బయోమెడికల్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. సెలైన్ సెట్టులో చుక్కలు పడే డ్రిప్ ఛాంబర్‌కు బయటినుంచి తగిలించే ఒక క్లిప్పును డ్యూటీ అయ్యాక ఇంటి దగ్గర, సొంత ఖర్చుతో తయారుచేశాను. దానికి ఒకవైపు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ, ఎదురుగా సెన్సరు ఉంటాయి. చుక్క అడ్డుపడిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. సెట్టును బట్టి మిల్లీలీటరుకు 20 చుక్కలా, 60 చుక్కలా అన్నది స్విచ్చుతో ఎంచుకుంటే, ఎంత ద్రవం లోపలికి వెళ్లిందో చిన్న తెర మీద కనిపిస్తుంది. సీసాలో 30 మిల్లీలీటర్లు మిగిలేసరికి బజరు మోగుతుంది, స్ప్రింగు లివరు ట్యూబును నొక్కి ప్రవాహాన్ని ఆపేస్తుంది.

ఇటువంటివి ఇప్పటికే ఉన్నాయని నాకు తెలుసు. అయితే అంబులెన్సు గతుకుల్లో పడినప్పుడు సీసా ఊగి, ఛాంబర్ పక్కకు వాలి, చుక్క నడిమధ్యన పడదు; ఒకే కిరణం ఉన్న పరికరం దాన్ని గుర్తించలేదు. అందుకని రెండు కిరణాలను ఒకదానికొకటి అడ్డంగా పెట్టాను. ఏ కంపెనీ ఛాంబర్‌నైనా సరిగ్గా మధ్యకు తెచ్చి పట్టుకునేలా క్లిప్పు దవడలను 'వి' ఆకారంలో చేశాను.

వైద్యానికి సంబంధించిన వాటికి మన దేశంలో పేటెంటు ఇవ్వరని ఒకరు చెప్పారు. అది నిజమేనా? వచ్చే నెలలో జిల్లా స్థాయి ప్రదర్శనకు దీన్ని పెట్టమంటున్నారు. ముందు ప్రదర్శించి తరువాత దరఖాస్తు చేసుకోవచ్చా? ఖర్చు ఎంతవుతుంది? మరొక చిక్కు కూడా ఉంది. "సీసా అయిపోతే తెలిసే ఏర్పాటు ఏదైనా ఉంటే బాగుండును" అని మా డాక్టరు గారు ఒకసారి అన్నారు, ఇప్పుడు ఆవిష్కర్తగా తన పేరు కూడా ఉండాలంటున్నారు. మా బావగారేమో పేటెంటు అనేది డబ్బు దండగ అని తేల్చేశారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు 1: పేటెంట్ ఏజెంట్, హైదరాబాద్

ముందు ప్రదర్శన సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవి కొంత ఆలస్యమైనా దిద్దుకోవచ్చు, ఇది దిద్దుకోలేనిది. దరఖాస్తు తేదీకి ముందు మీ పరికరం పనితీరు బహిరంగమైతే అది ఇక కొత్తది కాదు. బయటపెట్టింది మీరే అయినా సరే. ప్రదర్శనల విషయంలో పేటెంట్ల చట్టంలోని 31వ సెక్షన్ 12 నెలల మినహాయింపు ఇస్తుంది కానీ, అది కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకే. జిల్లా స్థాయి సైన్సు ప్రదర్శనకు అటువంటి ప్రకటన ఉంటుందని నమ్ముకోవద్దు. యూట్యూబులో వీడియో పెట్టడం, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం కూడా ఇప్పటికి మానుకోండి.

మీకు వ్యవధి తక్కువ కాబట్టి ప్రొవిజనల్ స్పెసిఫికేషన్‌తో (అంటే ఆవిష్కరణ గురించిన తాత్కాలిక వివరణ పత్రంతో) దరఖాస్తు వేసి, తేదీని ఖాయం చేసుకుని, ఆ తరువాత ప్రదర్శనకు వెళ్లండి. ఆ దరఖాస్తు తేదీ నుంచి 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తును వదిలేసుకున్నట్టే లెక్క. ప్రొవిజనల్ అంటే నాలుగు వాక్యాలు రాసి పంపేది అని చాలామంది అనుకుంటారు. అది ప్రమాదకరమైన అపోహ. అందులో లేని విషయాన్ని తరువాత చేర్చితే ఆ విషయానికి పాత తేదీ వర్తించదు, అందువల్ల బొమ్మలతో, కొలతలతో, మీకు తోచిన ప్రత్యామ్నాయాలతో సహా అన్నీ ఇప్పుడే రాయండి. దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. ఆంధ్ర, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తాయి.

వైద్యానికి పేటెంటు ఇవ్వరన్నది సగం నిజం. 1970 నాటి పేటెంట్ల చట్టంలోని 3(ఐ) సెక్షన్ మనుషులకు చేసే చికిత్స, శస్త్రచికిత్స, రోగనిర్ధారణ పద్ధతులను మాత్రమే మినహాయించింది. పరికరానికి ఆ అడ్డంకి లేదు. కాబట్టి "రోగికి సెలైన్ ఎక్కించే పద్ధతి" అని రాయకండి, "చుక్కలను గుర్తించి ప్రవాహాన్ని నియంత్రించే పరికరం" అని రాయండి.

మీకు అసలు అడ్డుపడేవి వేరే రెండు. మొదటిది 3(ఎఫ్): తెలిసిన సాధనాలను పక్కపక్కన చేర్చి, ఒక్కొక్కటి తన పాత పనే విడిగా చేసుకుంటూ పోతే అది ఆవిష్కరణ కాదు. లెక్కపెట్టే సెన్సరు, బజరు, ట్యూబును నొక్కే లివరు అని మూడూ విడివిడిగా రాస్తే పరీక్షాధికారి ఈ సెక్షన్‌నే చూపిస్తారు. రెండవది ఆవిష్కరణలో ఉండవలసిన ముందడుగు, అంటే ఆ పని తెలిసినవారికి సులువుగా తట్టనిది అయి ఉండటం. మీర్జాపూర్‌లో ఇత్తడి గిన్నెలు చేసేవారి మధ్య నడిచిన ఒక వివాదంలో, గిన్నెను లేత్ మీద పట్టి ఉంచే సాధనానికి 1951 నాటి పేటెంటు ఉండగా, అది పనితెలిసిన కార్మికుడు సహజంగా చేసుకునే మెరుగుదల మాత్రమేనని 1978లో సుప్రీంకోర్టు తేల్చి పేటెంటును నిలబడనివ్వలేదు. మీ 'వి' దవడలకు కూడా అదే మాట ఎదురవుతుంది, ఎందుకంటే గుండ్రని వస్తువును మధ్యకు తేవడానికి 'వి' గాడిని వాడటం ఏ వర్క్‌షాపులోనైనా ఉన్నదే. రెండు అడ్డ కిరణాల సంగతి కాస్త నయం. అయినా పాత పేటెంట్లను వెతికే వెబ్‌సైట్లయిన గూగుల్ పేటెంట్స్‌లోను, ఎస్పాసెనెట్‌లోను ఏ61ఎం 5/168 అనే వర్గీకరణ కింద వెతకండి. డ్రిప్ మీటర్లు, చుక్కల కౌంటర్లు అన్నీ అక్కడే ఉంటాయి. దశాబ్దాల నాటి ఆ కాగితాలు చదివితే మీది అని చెప్పుకోగలిగినది ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

డాక్టరు గారి విషయం కొంచెం సున్నితమైనది, కానీ సూత్రం స్పష్టం. అవసరాన్ని చెప్పినవారు ఆవిష్కర్త కారు. ఆ అవసరం తీరే మార్గాన్ని ఆలోచించినవారే ఆవిష్కర్త. రెండు కిరణాల ఆలోచనలో ఆయన పాలు ఉంటే పేరు తప్పక పెట్టండి, లేకపోతే మొహమాటానికి పెట్టవద్దు. పేరుతో పాటు హక్కులో వాటా కూడా అడిగే పరిస్థితి రావచ్చు. ఉద్యోగి ఆవిష్కరణ ఎవరిదన్న దానికి మన పేటెంట్ల చట్టంలో ప్రత్యేక నిబంధన లేదు. మీ నియామక పత్రంలో ఏం రాసి ఉందో అది తీసి చదవండి.

ఖర్చు: వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే 30 పేజీలు, 10 క్లెయిముల (మీరు కోరే హక్కును చెప్పే వాక్యాల) వరకు రూ. 1,600. పరీక్ష కోసం వేసే ఫారం 18కి రూ. 4,000, దాన్ని 31 నెలల్లోగా వేయాలి. మూడవ సంవత్సరం నుంచి ఆరవ సంవత్సరం వరకు ఏటా రూ. 800 రెన్యూవల్, ఆ పైన పెరుగుతూ పోతుంది. నాలాంటివారి ఫీజు వీటన్నిటికంటె ఎక్కువని దాచడం దేనికి?

జవాబు 2: ఆటోనగర్ లేత్

పై జవాబులో చట్టం అంతా సరిగ్గానే ఉంది. కానీ విజయవాడలో వాహనాల విడిభాగాలు చేసుకుని బతికే నాబోటివాడికి కనిపించేది వేరు. పేటెంటు వచ్చాక దాన్ని కాపాడుకోవలసింది కోర్టులోనే కదా! రెండు పెద్ద కంపెనీలకే ఏమైందో చూడండి. బజాజ్ వారికి రెండు స్పార్క్ ప్లగ్గుల ఇంజనుకు 2005లో పేటెంటు వచ్చింది. టీవీఎస్ వారు 2007 డిసెంబరులో ఫ్లేమ్ అనే 125 సీసీ బండి తెచ్చారు. అందులోనూ రెండు ప్లగ్గులే, కాకపోతే వాల్వులు మూడు. 2008 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ఆ ఇంజనును ఆపమంది, 2009 మే నెలలో డివిజన్ బెంచి ఆ ఉత్తర్వును ఎత్తేసింది, అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు లెక్కలు రాసుకుంటూ అమ్ముకోమని చెప్పి విచారణను త్వరగా ముగించమంది. చివరికి 2019లో ఇరువురూ రాజీపడ్డారు. అప్పటికి ఫ్లేమ్ బండి రోడ్డు మీద కనబడటమే మానేసింది.

అమెరికాలో ఆగి ఆగి తిరిగే వైపరుకు 1964లో దరఖాస్తు చేసిన రాబర్ట్ కెర్న్స్ 1978లో ఫోర్డు మీద దావా వేస్తే, కోటి డాలర్లకు పైగా సొమ్ముతో ఆ వ్యవహారం తీరింది 1990లో. డబ్బు వచ్చింది నిజమే, వయసు పోయింది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే కథ ద్రవ సబ్బు సీసాది. అమెరికాలోనే రాబర్ట్ టేలర్ అనే చిన్న వ్యాపారి 1980లో సాఫ్ట్‌సోప్ పేరుతో పంపు నొక్కితే సబ్బు వచ్చే సీసాను దేశమంతటా అమ్మకానికి పెట్టాడు. సబ్బూ పాతదే, పంపూ పాతదే, పేటెంటుకు చోటు లేదు. పెద్ద కంపెనీలు మర్నాడే అనుకరిస్తాయని తెలిసి, ఆ పంపులు తయారుచేసే రెండు కర్మాగారాలకూ కలిపి 10 కోట్ల పంపులు ఆర్డరు ఇచ్చేశాడు. ఇతరులు చేద్దామన్నా పంపు దొరకలేదు. ఆ వ్యాపారాన్ని 1987లో కోల్గేట్ కొనుక్కుంది. అడిగిన తమ్ముడికి నేను చెప్పేది, దరఖాస్తు వేసుకో కానీ, నీ క్లిప్పును తక్కువ ధరకు ఎవరు పోతపోస్తారు, ఏ ఆసుపత్రి కొంటుంది అన్నది కూడా ఇప్పుడే చూసుకో.

జవాబు 3: వార్డు సిస్టర్

పేటెంటు గురించి నాకు తెలియదు, చుక్కల గురించి తెలుసు. ఇక్కడ ఎవరూ అడగని రెండు విషయాలు రాస్తున్నాను.

ఛాంబర్‌ను సగం వరకే నింపాలని మేము నేర్చుకుంటాము, కానీ హడావుడిలో రెండుసార్లు ఎక్కువ నొక్కితే పైదాకా నిండిపోతుంది. అప్పుడు చుక్క కనబడదు, సెలైను మాత్రం పోతూనే ఉంటుంది. మీ పరికరం చుక్కలు లేవు కాబట్టి ప్రవాహం ఆగిందనుకుంటుంది. లెక్క తప్పడం ఒక ఎత్తు, చిన్నపిల్లలకు లెక్కకు మించి ద్రవం ఎక్కడం మరొక ఎత్తు.

రెండవది, సీసా అయిపోవచ్చేసరికి ట్యూబును పూర్తిగా నొక్కేస్తే మేము వచ్చేలోగా క్యాన్యులా (నరంలో గుచ్చి ఉంచే సన్నని గొట్టం) మొనలో రక్తం గడ్డకడుతుంది. అప్పుడు మళ్లీ కొత్తగా గుచ్చాలి. నరాలు దొరకని ముసలివాళ్లకు అది ఎంత నరకమో మీకు తెలియనిది కాదు. పూర్తిగా ఆపకుండా చాలా నెమ్మదిగా పోనిచ్చే ఏర్పాటు చేయగలరా? పేషెంటు సీసా చేత్తో పట్టుకుని బాత్రూముకు వెళ్లినప్పుడు కూడా చుక్కలు ఆగిపోతాయి. అర్ధరాత్రి దానికీ బజరు మోగితే మావాళ్లు ఆ క్లిప్పు తీసి సొరుగులో పడేస్తారు.

జవాబు 4: గోదావరి గట్టు

అందరికీ ధన్యవాదాలు. సిస్టర్ గారూ, ఛాంబర్ నిండిపోయే సంగతికి దారి దొరికినట్టే ఉంది. గాలిలో వెళ్లే కిరణం, ద్రవంలోంచి వెళ్లే కిరణం సెన్సరు మీద ఒకే చోట పడవు. రెండు కిరణాల్లో ఒకదాన్ని కాస్త కిందికి జరిపితే ద్రవం అంతదాకా వచ్చినప్పుడు సెన్సరు విలువ ఒక్కసారిగా మారి అలాగే నిలిచిపోతుంది. చుక్క పడితే క్షణం పాటే మారుతుంది. ఈ తేడాతో "నిండింది" అనే హెచ్చరిక ఇవ్వవచ్చు. లివరును కూడా రెండు మెట్లుగా చేస్తాను: మొదటి మెట్టులో సగం నొక్కి నెమ్మదిగా పోనిస్తుంది, ద్రవం అసలే మిగలనప్పుడు రెండో మెట్టులో పూర్తిగా మూస్తుంది. ఏజెంట్ గారూ, ఇప్పుడు దీని క్లెయిము ఎలా రాయాలి?

జవాబు 5: పేటెంట్ ఏజెంట్, హైదరాబాద్

సిస్టర్ గారు అడిగిన రెండు ప్రశ్నల వల్ల మీ దరఖాస్తుకు బలం వచ్చింది. సీసా చివర్లో నెమ్మదిగా పోనివ్వడం అనే ఆలోచన ఇన్ఫ్యూజన్ పంపుల్లో (సెలైనును యంత్రంతో ఎక్కించే పంపుల్లో) ఎప్పటినుంచో ఉంది కాబట్టి దాన్ని విడిగా కోరవద్దు. ఒకే జత కిరణాలతో చుక్కనూ, ద్రవ మట్టాన్నీ వేరుచేసి గుర్తించడం, ఆ ఫలితాన్ని బట్టి లివరు మెట్టు మారడం, ఈ రెండింటి పొత్తు మీది. 3(ఎఫ్)కు జవాబు కూడా అక్కడే ఉంది, ఎందుకంటే ఇక్కడ ఒకటి చెప్పినదాన్ని బట్టి మరొకటి నడుచుకుంటున్నది.

దస్తావేజులో పొలం హద్దులు రాసినట్టే క్లెయిములో మీ హక్కు హద్దులు రాస్తాము. "చుక్కలను లెక్కించి హెచ్చరించే పరికరం" అని రాస్తే అది పాతవాళ్ల పొలాలన్నిటినీ కలుపుకున్నట్టు, మొదటి పరీక్షలోనే పోతుంది. మరీ తగ్గించి "30 మిల్లీమీటర్ల దవడలు, రెండు గ్రాముల స్ప్రింగు" అని రాస్తే పక్కవాడు 31 మిల్లీమీటర్లు చేసి తప్పుకుంటాడు. ఆటోనగర్ మిత్రుడు చెప్పిన బజాజ్ పేటెంటులో సిలిండరు వ్యాసం 45 నుంచి 70 మిల్లీమీటర్లు అని రాశారు. వాదమంతా ఆ హద్దుల చుట్టూ, వాల్వుల సంఖ్య చుట్టూ తిరిగింది. మీ మొదటి క్లెయిము సుమారుగా ఇలా ఉండవచ్చు:

"డ్రిప్ ఛాంబర్‌కు బయటినుంచి అమర్చదగిన పరికరం, అందులో వేర్వేరు ఎత్తుల్లో, ఒకదానికొకటి అడ్డంగా అమర్చిన రెండు కాంతి కిరణాలు, ఏదైనా ఒక కిరణంలో క్షణకాలపు మార్పును చుక్కగాను, కింది కిరణంలో నిలిచి ఉండే మార్పును ద్రవ మట్టంగాను గుర్తించే నియంత్రిక, ఆ నియంత్రిక ఆదేశాన్ని బట్టి ట్యూబును పాక్షికంగా గానీ పూర్తిగా గానీ నొక్కే లివరు ఉండటం దాని లక్షణం."

'వి' దవడలను రెండవ క్లెయిములో, మొదటిదానికి అనుబంధంగా పెట్టండి.

పేటెంటు ఇతరులను ఆపే హక్కే తప్ప అమ్ముకునే అనుమతి కాదు. ఇది కొలిచే వైద్య పరికరం కాబట్టి 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల కింద దాని తరగతిని తేల్చుకుని, తయారీ లైసెన్సు తీసుకోవాలి. ప్రమాదం తక్కువగా ఉండే ఏ, బీ తరగతులకు రాష్ట్ర అధికారులు, ఎక్కువగా ఉండే సీ, డీ తరగతులకు కేంద్ర సంస్థ లైసెన్సు ఇస్తారు. అప్పటిదాకా రోగుల మీద వాడకుండా, బల్ల మీద సీసా వేలాడదీసి కొలత గ్లాసుతో పరీక్షించుకోండి. ఆ అంకెలే స్పెసిఫికేషన్‌లో పనికొస్తాయి.

ప్రదర్శనలో బోర్డు మీద "పేటెంటు దరఖాస్తు చేయబడింది" అని రాయవచ్చు. "పేటెంటు పొందినది" అని రాస్తే 120వ సెక్షన్ కింద జరిమానా ఉంటుంది, నిర్వాహకులు ఉత్సాహంతో అలా రాయించబోయినా ఒప్పుకోకండి.